ముందు సీటు రూలు

గవర్నర్‌పేట టాక్సీ స్టాండులో 1976 నాటికి ఒక రూలు ఉండేది. మునిసిపాలిటీ వాళ్ళు పెట్టింది కాదు, పోలీసులు పెట్టిందీ కాదు. ముందు సీట్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టకూడదు, అంతే. కూర్చోబెడితే మలుపులో హడలిపోయి డ్రైవరు చెయ్యి పట్టుకు లాగుతారు, బండి కాలువలో పడుతుంది. ఇది కనిపెట్టిన మేధావి కాశీరావు. ఊరికే చెప్పలేదు, సాక్ష్యాలు కూడా ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఒక సాక్ష్యం ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచే తల్లి అంకాలమ్మ. రెండో సాక్ష్యం, ఆ కాలు విరగ్గొట్టిందని ఊరూ వాడా కలిసి తీర్పు చెప్పేసిన భార్య పెద్దింట్లమ్మ.

అలాగని కాశీరావు చెడ్డవాడేమీ కాదు. తాగుడు లేదు, పేకాట లేదు, కిరాయి దగ్గర పేచీ లేదు. చల్లపల్లికి దిగువన, ఉప్పుగాలి తగిలే పల్లెలో పుట్టాడు. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా తండ్రితో సముద్రం మీదికి వెళ్ళాడు. తండ్రి పోయాక పడవ అన్నకు వదిలేసి, విజయవాడ వచ్చి లారీ క్లీనరయ్యాడు, ఆ తర్వాత డ్రైవరయ్యాడు. 1971లో ఒక డాక్టరుగారు వాడి వాడి విసుగెత్తి అమ్మేసిన అంబాసిడర్‌ను కొని, కింద నలుపూ పైన పసుపూ వేయించి టాక్సీ చేశాడు. కృష్ణలంకలో రెండు గదుల అద్దె ఇల్లు. పెద్దింట్లమ్మ అతనికి సొంత మేనమామ కూతురు. చేపల బజారులో గంప ముందు పెట్టుకుని కూర్చునేది, మాటకు మాట అప్పచెప్పే మనిషి.

టాక్సీకి పగలు కిరాయిలు ఎలాగూ ఉంటాయి. తెల్లవారుజామున ఖాళీగా ఎందుకుండాలని కాశీరావు ఒక ఉపాయం ఆలోచించాడు. చల్లపల్లి దాకా వెళ్ళి, పల్లె నుంచి వచ్చిన చేపల బుట్టలు ఎక్కించుకుని, పొద్దెక్కేలోగా బెజవాడ బజారులో దించేవాడు. బుట్టలు లోపల పెట్టడానికి వీల్లేదు. చేపల నీళ్ళు ఒక్కసారి సీటుకు తగిలితే ఆ వాసన ఏడు కడుగులు కడిగినా పోదు, ఆ తర్వాత ఏ ప్లీడరుగారూ ఆ కారెక్కరు. అందుకని టాపు మీద ఇనప కేరియర్ బిగించి, ఆరు బుట్టలు, ఐసుగడ్డలతో సహా, అక్కడ కట్టేవాడు. ఆ బరువుకి కారు వెనక భాగం కుంగిపోతుంటే పల్లెలో కమ్మరి చేత, విరిగిన లారీ కమాను నుంచి కోయించిన ఇనప పట్టీలు పక్కకు రెండేసి చొప్పున వెనక కమాను కట్టల్లో అదనంగా వేయించాడు. దాంతో కారు వెనకభాగం ఎత్తుకుని పందెంకోడిలా నిలబడింది. కాశీరావు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుని మురిసిపోయాడు.

పట్టీలు వేయించిన రెండు వారాలకు, డెబ్బై రెండు శ్రావణంలో, అంకాలమ్మకు కళ్ళు చూపించాలని పల్లె నుంచి తీసుకొస్తున్నాడు. అంబాసిడర్ ముందు సీటు మంచంలా ఒకటే సీటు కదా, స్టీరింగు దగ్గర తను, మధ్యలో పెద్దింట్లమ్మ, ఎడమ కిటికీ దగ్గర అంకాలమ్మ. వెనక ఇద్దరు చేపల బేరగాళ్ళు. టాపు మీద ఆరు బుట్టలు. చల్లపల్లి దాటి కొంతదూరం వచ్చాక కాలువ లాకుల దగ్గర రోడ్డు కుడికి తిరుగుతుంది. ఎడమవైపు నిండుగా పారుతున్న కాలువ. ఆ మలుపులో కారు కాలువ గట్టు దిగి ఎడమ పక్కకి పడుకుంది. పైన ఉన్న చేపలు మళ్ళీ నీళ్ళల్లోకి పోయాయి. మనుషులందరూ బతికారు గానీ అంకాలమ్మ కాలు తలుపు కింద చిక్కుకుని విరిగింది.

జనం పోగై లాగుతుంటే అంకాలమ్మ అరిచిన మొదటి మాట: "ఇదేరా! ఇదే వాడి చెయ్యి పట్టుకు లాగింది!" పెద్దింట్లమ్మ తన చెయ్యి పట్టుకున్న సంగతి కాశీరావుకీ గుర్తే. ముంజేతి మీద ఆమె గోళ్ళ గాట్లు కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి? లాకుల దగ్గర మనిషి అడిగితే అదే చెప్పాడు, ఆసుపత్రిలో అదే చెప్పాడు, స్టాండులో అదే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ పెద్దింట్లమ్మ ఇంకాస్త గట్టిగా లాగేది. ఏడాది తిరిగేసరికి రెండు చేతులతో స్టీరింగే పట్టుకుని తిప్పేసినంత పనైంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనం అనొచ్చు గానీ, కాశీరావు అబద్ధమాడుతున్నానని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నమ్మే చెప్పాడు. నమ్మి చెప్పిన అబద్ధాన్ని ఎవరు పట్టుకోగలరు?

అంకాలమ్మ ఇక పల్లెకు తిరిగి వెళ్ళలేకపోయింది. రేవులో నలుగురి మీద పెత్తనం చెలాయించిన మనిషి, కృష్ణలంకలో గడపకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ కసి తీర్చుకోవడానికి ఇంట్లో దొరికింది ఒక్క కోడలే, పైగా సొంత అన్న కూతురు. మంచినీళ్ళ చెంబు అందించబోతే, "నువ్వు పట్టుకోమాకే తల్లీ, నువ్వు పట్టుకుంటే ఏది విరుగుద్దో" అనేది. రోజుకు మూడు నాలుగు సార్లు, నాలుగేళ్ళు. మాటకు మాట అనే పెద్దింట్లమ్మ మాట తగ్గించుకుంది. పల్లెకు వెళ్ళాల్సివస్తే బస్సులో వెళ్ళేది. భర్త కారు తలుపు మళ్ళీ తెరవలేదు. అంకాలమ్మ మాత్రం ఎక్కడికైనా వెళ్ళాలంటే వెనక సీట్లో కాలు చాపుకుని దర్జాగా వెళ్ళేది.

కాశీరావు కారుకు అప్పుడు రేకు సొట్టలు తీయించి, రంగు వేయించాడు, అంతే. నడక సంగతి ఎవరూ అడగలేదు. తప్పు మనిషిదని తేలిపోయాక బండిని ఎవరు చూస్తారు?

అడిగింది సంపూర్ణమ్మగారు. చర్చి సంఘం వాళ్ళ పల్లెబడులు చూసుకునే పెద్ద టీచరు. ప్రతి శుక్రవారం కాశీరావు టాక్సీలో పామర్రు వైపో చల్లపల్లి వైపో వెళ్ళి వచ్చేది. వెళ్ళిన ప్రతిసారీ ఉయ్యూరు దాటకముందే కారు ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకునేది. ముందు సీట్లో కూర్చుంటే కొంచెం నయంగా ఉంటుందని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. కాశీరావు ఎంతో మర్యాదగా తన రూలు చెప్పాడు.

డెబ్బై ఆరు మాఘమాసంలో ఒక శుక్రవారం ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని, కారు తలుపు పట్టుకుని నిలబడి అంది: "కాశీరావూ, నువ్వు నెమ్మదస్తుడివి, నిన్ను వదులుకోవాలని నాకు లేదు. కానీ నీ కారు ముందు వైపు ఉయ్యాల ఊగుతుంది, వెనక వైపు రోకలి పోటు పొడుస్తుంది. నా పేగులు ఇంక ఓర్చుకోలేవయ్యా. వచ్చే నెలలోగా బాగు చేయించు. లేకపోతే వేరే బండి చూసుకుంటాను."

"పాత బండి కదండీ. కొత్త సామాను మద్రాసు నుంచి రావాలండీ. అంత నావల్ల కాదండీ."

"మా చర్చిలో ఏసుపాదం అని ఉన్నాడు. ఆటోనగర్‌లో షెడ్డు. ఊరికే సామాను కొనిపించే రకం కాదు. నేను పంపానని చెప్పు."

ఏసుపాదం యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, కళ్ళజోడుకి ఒక కాడ బదులు దారం కట్టుకుని ఉన్నాడు. కాశీరావు చెప్పేది వినలేదు. కారు ముందు మడ్‌గార్డు మీద రెండు చేతులూ వేసి అదిమి వదిలాడు. అది లేచి, పడి, మళ్ళీ లేచి, చాలాసేపు ఊగింది. వెనక్కి వెళ్ళి డిక్కీ మీద అదిమాడు. రాయిని అదిమినట్టే ఉంది, కదల్లేదు.

"ముందేమో ఆగట్లేదు, వెనకేమో కదలట్లేదు" అన్నాడు. "దేవుడు ఒకే ఒంట్లో ఇద్దర్ని పెట్టినట్టుందండీ మీ బండి."

"సామాను ఏమేం కావాలో రాసివ్వండి. ఎంతవరకు కొనగలనో చూస్తాను."

"కొనేది తర్వాతండీ. ముందు తీసేది ఏవన్నా ఉందేమో చూద్దాం. తీయటానికి డబ్బులక్కర్లేదుగా."

కారు కిందకి దూరి టార్చి వేసి చూశాడు. ఆ తర్వాత అక్కడి నుంచే అడిగాడు: "ఈ లారీ పట్టీలు ఎవరు పెట్టారండీ?"

"నేనే పెట్టించాను" అన్నాడు కాశీరావు. గొంతులో గర్వం కూడా ఉంది.

ఏసుపాదం బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ టాపు మీద కేరియర్ వైపు చూశాడు. దాని మీద ఏం కడతారని అడిగాడు. కాశీరావు చెప్పాడు.

"మీది పడవ మీద పుట్టిన కులం కదండీ. పడవలో బరువెక్కడ పెడతారు?"

"అడుగున" అన్నాడు కాశీరావు వెంటనే. "తడిసిన వల, చేప, అన్నీ అడుగునే. పైన బరువుంటే అల పక్కనుంచి తగిలినప్పుడు తిరగబడిపోదూ? చిన్న పిల్లోడికి కూడా తెలుసండీ అది..." అంటూ ఆగిపోయాడు. ఏసుపాదం ఆ కేరియర్ వైపే చూస్తున్నాడు. కాశీరావు కూడా తలెత్తి అటే చూశాడు. సముద్రం మీద ఏ రోజూ చెయ్యని పని, రోడ్డు మీద రోజూ చేస్తున్నాడు. చేపల వాసన సీటుకు అంటకూడదని.

"విప్పేముందు మీ బండి ఎట్లా నడుస్తుందో ఒకసారి చూడాలి" అని ఏసుపాదం తడి ఇసుక బస్తాలు రెండు టాపు మీద కట్టించాడు. షెడ్ల వెనక ఇంకా కట్టడాలు లేని ఖాళీ నేల ఉంది. తను స్టీరింగు దగ్గర కూర్చుని, కాశీరావుని ఎడమవైపు కూర్చోమన్నాడు. తన సొంత కారులో అటువైపు కూర్చోవడం కాశీరావుకి అదే మొదలు.

పెద్ద వేగం కూడా కాదు. నేల చివర ఏసుపాదం స్టీరింగు కుడికి తిప్పాడు. ముక్కు కుడికి తిరిగింది. టాపు ఎడమకి వాలింది. వెనక చక్రాలు గతుకు మీద ఎగిరి నేలను వదిలేశాయి, కారు తోక ఎడమకి విసురుగా వెళ్ళిపోయింది. కాశీరావు తలుపు వైపు పడిపోతున్నాడు. ఏసుపాదం దేనికో ఎదురుచూసినవాడిలా కాలు తీసి, స్టీరింగు వెనక్కి తిప్పి, దుమ్ములో కారు నిలబెట్టాడు.

"చెయ్యి వదలండి" అన్నాడు నవ్వుతూ.

కాశీరావు చూసుకున్నాడు. తన రెండు చేతులూ ఏసుపాదం ఎడమ ముంజేతిని పట్టుకుని ఉన్నాయి. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు.

"నేనెప్పుడు పట్టుకున్నానండీ?"

"బండి వాలాక. వాలక ముందు ఎవరు పట్టుకుంటారండీ?"

"నేను పట్టుకోవటం వల్ల పక్కకి పోయిందా?"

"భలేవారే. అప్పటికే తోక పోయింది. మీరు పట్టుకున్నా, పట్టుకోకపోయినా పోయేదే. పక్కన కాలువ ఉంటే ఈపాటికి ఈత కొడతా ఉండేవాళ్ళం."

కాశీరావు మొహం చూసి ఏసుపాదం నవ్వు ఆపాడు. ఇంకోసారి చెయ్యమన్నాడు కాశీరావు. ఈసారి ఏం జరగబోతోందో తెలుసు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పట్టుకోకూడదని పళ్ళు బిగించాడు. కారు మళ్ళీ అలాగే వాలింది, తోక మళ్ళీ అలాగే విసిరింది, కాశీరావు చేతులు వాటంతటవే లేచి మళ్ళీ అదే ముంజేతిని పట్టుకున్నాయి. తనకు పాతికేళ్ళ అనుభవం, రెండు కాళ్ళ నిండా బలం. పెద్దింట్లమ్మకు ఆ రోజు ముందుగా తెలియను కూడా తెలియదు. అతనికి దుఃఖం వచ్చింది. దుమ్ము పడిందన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

పని నాలుగు రోజులు పట్టింది. ఏసుపాదం లారీ పట్టీలు తీసేశాడు. అరిగిపోయిన బుష్షుల స్థానంలో పాత లారీ టైరు నుంచి కోసిన రబ్బరు ముక్కలు దూర్చాడు. ముందు షాకబ్జర్లు విప్పి చూస్తే లోపల నూనె ఎండిపోయి ఉంది, కడిగి కొత్త నూనె పోశాడు. కారు పొడవునా నూలు దారం లాగి కట్టి, ముందు చక్రాలు దానికి సరిగ్గా ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూసి సరిచేశాడు. లోడు కోసమని కాశీరావు టైర్లలో రాయిలా కొట్టించిన గాలి కొంత తీసేశాడు. కొన్నదల్లా నూనె, నాలుగు బోల్టులు. కేరియర్ మాత్రం తనే విప్పుతానన్నాడు కాశీరావు. చేపల కోసం వన్‌టౌన్‌లో రేకు పని చేసే మనిషి దగ్గర డిక్కీ అడుగున పట్టే ట్రే చేయించాడు, నీళ్ళు కిందికి పోవడానికి ఒక గొట్టంతో. అందులో మూడు బుట్టలే పడతాయి. పడితే పడనీ అనుకున్నాడు.

అదే ఖాళీ నేల మీద, అదే ఇసుక ఇప్పుడు డిక్కీలో పెట్టి, తనే నడిపి చూశాడు. కారు కొంచెం వంగి, నేలను పట్టుకుని, చెప్పిన చోటికి తిరిగింది.

ఇంటికి వస్తూ కృష్ణ ఒడ్డున ఆగిపోయాడు. చెప్పాలా వద్దా? కారు బాగైంది. ఎలా బాగైందని ఎవరూ అడగరు. పాత సంగతి పాతిపెడితే పోతుంది. చెబితే? తల్లి తన మొహాన ఉమ్మేస్తుందా? తోటి డ్రైవర్లు జన్మంతా నవ్వుతారు. నాలుగేళ్ళుగా రూలు చెప్పిన నోటితోనే ఆ రూలు తప్పని చెప్పాలి. అతనికి భయం వేసింది. సముద్రం మీద గాలివాన వచ్చినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ముగ్గురూ ఇంట్లో అన్నాల దగ్గర ఉన్నారు. పెద్దింట్లమ్మ అత్త పీట సర్దబోయింది. "నువ్వు పట్టుకోమాకే" అంది అంకాలమ్మ, అలవాటుగా, కోపం కూడా లేకుండా. ఆ కోపం లేకపోవడమే కాశీరావుని పొడిచింది.

"అమ్మా, ఇంక ఆ మాట అనమాక" అన్నాడు. "నీ కాలు విరగ్గొట్టింది అది కాదు. నేను."

అంకాలమ్మ ముద్ద చేతిలోనే ఉంచుకుని చూసింది. కాశీరావు అంతా చెప్పాడు. పట్టీల సంగతి, బుట్టల సంగతి, ఆటోనగర్‌లో తను రెండుసార్లు ఏసుపాదం చెయ్యి పట్టుకున్న సంగతి.

"పెళ్ళాం నేర్పిందా ఇదంతా?"

"దానికి ఇప్పుడే తెలుస్తంది, నీతో పాటు."

అంకాలమ్మ ముద్ద కంచంలో వదిలేసి, గోడ పట్టుకుని లేచి, బయట అరుగు మీదికి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది.

కాశీరావు భార్య వైపు తిరిగాడు. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాడు. పెద్దింట్లమ్మ కంచాలు తీస్తూ, మామూలుగా అంది: "ఆ రోజే చెప్పాను గదా బావా."

"ఎవరికి?"

"నీకే. గట్టు మీద, తడి బట్టల్తో నిలబడి చెప్పాను. నువ్వు అత్తని చూస్తన్నావు."

కాశీరావు ఎంత వెతుక్కున్నా అతని జ్ఞాపకంలో ఆ మాట లేదు. చేపలు నీళ్ళల్లోకి పోవడం గుర్తుంది, పగిలిన అద్దం గుర్తుంది, లాకుల దగ్గర మనిషి కట్టుకున్న గళ్ళ లుంగీ గుర్తుంది. పెళ్ళాం మాట మాత్రం లేదు. తప్పు చేసినందుకు కాదు, ఆ మాట లేనందుకు అతనికి ఎక్కువ సిగ్గేసింది.

"అమ్మోరి జాతరకి ఊరెళ్ళాలిగా. ఈసారి కారులో పోదాం. బాగు చేయించాను" అన్నాడు బతిమాలుతున్నట్టు.

"కారు బాగైతే నాకేంటి? బజారులో నా గంప దగ్గరకి మీ స్టాండు వాళ్ళు వచ్చి ఏమని పిలుస్తారో ఎరుగుదువా? 'చెయ్యి లాగే వదినా' అంటారు. నాలుగేళ్ళబట్టీ. చేప కొనటానికి వచ్చిన ప్రతి ఒక్కడూ. అది బాగు చేయించు ముందు."

అతనికి అది కూడా తెలియదు. ఆ పేరు పెట్టింది ఎవరో గానీ, పుట్టించింది తనే.

మర్నాడు పొద్దున స్టాండులో, అందరూ టీలు తాగే వేళ, కాశీరావు కారు బానెట్ పక్కన నిలబడి చెప్పాడు. ఒక్కటి కూడా దాచకుండా చెప్పాడు. విన్నవాళ్ళు ముందు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. స్టాండులో అందరికంటే పెద్దవాడు వెంకటసుబ్బారావు గ్లాసు కింద పెట్టి అన్నాడు: "ఎప్పటి సంగతో కదయ్యా. ఇప్పుడు చెప్పి నీ పరువు నువ్వే తీసుకోవటం దేనికి?"

"నాది కాదన్నా. ఆవిడది నేను తీసుకున్నా. తిరిగి ఇవ్వాలిగా."

ఎవరో నవ్వారు. ఇంకెవరో "పట్టీల కాశీరావు" అన్నారు. అంతే, ఆ పేరు అతనికి అతుక్కుపోయింది. అసలు పేరు మర్చిపోయినవాళ్ళు కూడా ఆ పేరుతో గుర్తుపట్టేవాళ్ళు. మొదట్లో మంట పుట్టేది. నాలుగేళ్ళు ఆవిడ మోసింది కదా, నేనెన్నాళ్ళు మోస్తానో చూద్దాం అనుకుని ఊరుకునేవాడు.

ఆ శుక్రవారం సంపూర్ణమ్మగారు రాగానే ముందు తలుపు తెరిచాడు. ఆవిడ అతని వైపు, సీటు వైపు మార్చి మార్చి చూసింది.

"మరి నీ రూలో?"

"రద్దయిందండీ."

ఆవిడ ఉయ్యూరు దాటింది, పామర్రు దాటింది, ఒక్కసారి కూడా ఆపమనలేదు. తిరిగొచ్చేటప్పుడు దోవలో జామకాయలు కొనుక్కుని తింది. దిగేటప్పుడు మాత్రం, "ఏసుపాదం కారు ఒక్కటే బాగు చేసినట్టు లేదే" అంది.

ఇంట్లో మాత్రం ఏదీ తొందరగా మారలేదు. అంకాలమ్మ కోడల్ని ఎత్తిపొడవడం మానేసింది గానీ, మాట్లాడటమే మానేసింది. కొడుకుతోనూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ కోడలి మీద పెట్టుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేది. పెద్దింట్లమ్మ కూడా కారు మాట ఎత్తలేదు. ఒక సాయంత్రం బజారు నుంచి వచ్చి, "ఇవాళ మీ వెంకటసుబ్బారావు చేప కొన్నాడు. ఉత్తి వదినా అని పిలిచాడు" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళింది.

ఫాల్గుణంలో జాతర రోజు వచ్చింది. కాశీరావు బస్సు వేళ కనుక్కుని వచ్చి, టిక్కెట్టుకి డబ్బులు ఇవ్వబోయాడు. పెద్దింట్లమ్మ సంచీ పట్టుకుని కారు దగ్గర నిలబడి ఉంది. ముందు తలుపు తీసుకుని కూర్చుంది. అంకాలమ్మ వెనక సీట్లోకి చేరి కాలు చాపుకుంది. ఉయ్యూరు దాటారు. పొలాల్లో మినుము పీకుతున్నారు. కాలువ ఒకసారి దగ్గరికొస్తూ, ఒకసారి దూరం జరుగుతూ పక్కనే వస్తోంది.

లాకుల దగ్గర మలుపులో కారు నిదానంగా తిరిగి బయటికొచ్చింది. ఎవరూ ఎవరి మీదా పడలేదు.

"ఇక్కడ ఆపు బావా" అంది పెద్దింట్లమ్మ.

ఆపాడు. ఆమె దిగి, రోడ్డు దాటి కాలువ గట్టు మీదికి వెళ్ళింది. కాశీరావు వెనకే వెళ్ళాడు. ఎదురెండ కళ్ళల్లో పడుతోంది. వెనక కిటికీలోంచి అంకాలమ్మ తల బయటపెట్టి చూస్తోంది.

"ఆ రోజు ఇక్కడే నిలబడి చెప్పాను" అంది పెద్దింట్లమ్మ. "నువ్వు నా మొహం చూడలేదు. ఇప్పుడు మళ్ళీ చెప్తా. చూసి విను."

"చెప్పు."

"బండి ముందు వాలింది. నేను అత్త మీద పడిపోతన్నా. నా బరువంతా పడితే ముసల్ది నలిగిపోద్దని, ఆగటానికి నీ చెయ్యి పట్టుకున్నా. అంతే నేను చేసింది."

ఆమె గొంతు పెద్దదే, బజారులో చేపలమ్మే గొంతు. కాలువ అవతలి గట్టు మీద గేదెల్ని తోలుకెళ్తున్న మనిషి కూడా తిరిగి చూశాడు. కాశీరావు ఆమె మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. విన్నానని తల ఊపాడు.

కారు దగ్గర్నుంచి అంకాలమ్మ గొంతు వినిపించింది.

"విన్నానే. నేనూ విన్నాను. ఎండెక్కుతంది, రా తల్లీ."